మోగలేదన్న మనిషి

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. "మేడమ్, మా టెస్టు ఎప్పుడో ఒకసారి ఫెయిలవుతోంది, మిగతా అన్నిసార్లూ పాసవుతోంది. పాసని రాసెయ్యమంటున్నారు. ఏం చెయ్యమంటారు?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వింటే చాలు, నాకు ఒళ్ళు మండిపోతుంది. వాళ్ళ మీద కాదు పాపం. పాసని రాసెయ్యమన్న ఆ మహానుభావుడు ఎవరో గాని, వాడి మీద. రిటైరై ఇన్నేళ్ళయినా ఆ మంట చల్లారలేదు. ఎందుకు చల్లారలేదో ఇవాళ చెప్పేస్తాను. పేర్లు మాత్రం అడగొద్దు. వాళ్ళలో ఒకరిద్దరు ఇంకా బందరులోనే ఉన్నారు, నేనిప్పుడు ఉంటున్నదీ అక్కడే, కూరగాయల బజారులో ఎదురుపడుతుంటారు.

నేను మొదట్నించీ టెస్టర్ని కాదు. గుడివాడలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో చాలాకాలం కోబాల్, సీ చెప్పాను. తర్వాత పిల్లలందరూ కోర్సుల కోసం హైదరాబాదు బస్సెక్కడం మొదలుపెట్టారు. మా ఇన్‌స్టిట్యూట్‌లో బల్లలు మిగిలాయి, చదువుకునేవాళ్ళు మిగల్లేదు. ఆ పరిస్థితుల్లో బందరులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్ళు టెస్టింగ్‌కి మనిషి కావాలంటే వెళ్ళి చేరాను. కోనేరు సెంటరుకి దగ్గర్లో మేడ మీద మా ఆఫీసు, కింద రోల్డుగోల్డు నగల కొట్టు. రోజూ గుడివాడ నుంచి పాసింజరు రైల్లో వెళ్ళిరావడం. మేం ప్రోగ్రాములు రాసే జావా భాషలో కొత్త వెర్షన్, ఐదోది, వచ్చిన కొత్తలు అవి.

మా టీమ్ లీడరు హైదరాబాదులో పనిచేసి, ఏవో ఇంటి కారణాల వల్ల సొంతూరు తిరిగొచ్చిన కుర్రాడు. తెలివైనవాడు కాదని నేననను. వేళ్ళు కీబోర్డు మీద పరుగులు తీసేవి. అయితే తను రాసినదాంట్లో తప్పుంటుందని ఎవరైనా అంటే మాత్రం, అన్నవాళ్ళకి చదువు తక్కువైందన్నట్టు జాలిగా చూసేవాడు. ఆ చూపు నాకు రోజుకొకసారైనా దక్కేది.

సముద్రం ఒడ్డు ఊళ్ళలో చేపలవాళ్ళ కోసం పనిచేసే ఒక సంస్థ మాకో పని అప్పజెప్పింది. తుపాను హెచ్చరిక రాగానే కంప్యూటరే దివిసీమ ఒడ్డున ఉన్న పల్లెలన్నిటికీ ఫోన్లు చెయ్యాలి. రికార్డు చేసిన మాట వినిపించాలి. ఒక్కో పల్లెలో ఒక మనిషిని ఎంచి, వాళ్ళ ఇంట్లో సంస్థే ఒక ఫోను పెట్టింది. నెత్తిన చిన్న యాంటెన్నా ఉండి, తీగ లేకుండా పనిచేసే ఫోన్లు అవి. ఫోన్ రాగానే ఆ మనిషి పరిగెత్తుకెళ్ళి రేవులో ఎర్రజెండా ఎగరెయ్యాలి. అది చూసి బయల్దేరబోయే పడవలు ఆగుతాయి, దగ్గర్లో వలేసుకుంటున్నవాళ్ళు తిరిగొస్తారు. ఉప్పెన చూసిన నేల అది. అక్కడ హెచ్చరిక అంటే ఎవరూ తేలిగ్గా తీసుకోరు. ఇంత మంచి పని మా చేతికొచ్చిందని మొదట్లో నేనెంత సంబరపడ్డానో చెప్పలేను.

ఇక్కడ కాస్త లోపలి సంగతి చెప్పాలి, ఓపిక పట్టండి. ఊళ్ళ ఫోన్ నంబర్లన్నీ ఒక క్యూలో నిలబడతాయి. ఒక్కొక్కటే చేసుకుంటూపోతే ఆలస్యమని, ఒకే ప్రోగ్రాములో చాలామంది పనివాళ్ళు ఒకేసారి పనిచేసేలా పెడతాం. వాళ్ళనే థ్రెడ్లంటాం. ప్రతివాడూ క్యూ ముందుకొచ్చి ఒక నంబరు తీసుకుని, ఫోన్ చేసి, ఎంగేజ్ వస్తే కాసేపాగి మళ్ళీ చేసి, తిరిగొచ్చి ఇంకోటి తీసుకుంటాడు. చిక్కంతా ఆ తీసుకోవడం దగ్గరే. బ్యాంకులో రెండు కౌంటర్లున్నాయనుకోండి. ఇద్దరు గుమాస్తాలూ ఒకేసారి బోర్డు చూసి ఒకే టోకెన్ని పిలిచారు. పిలిచాక, ఇద్దరూ చెరొకసారి బోర్డుని ముందుకి జరిపారు. ఏమవుతుంది? ఒక టోకెన్‌వాడిని రెండుసార్లు పిలిచినట్టు, వాడి వెనకవాడిని అసలు పిలవనట్టు. వాడు అలా కూర్చునే ఉంటాడు. ఒకడు బోర్డు ముట్టుకున్నంతసేపూ రెండోవాడు ఆగేలా కట్టుదిట్టం చేస్తే, ఆ క్యూని థ్రెడ్ సేఫ్ అంటాం.

కొత్త జావాలో అలాంటి కట్టుదిట్టమైన క్యూ తయారుగా దొరుకుతోంది. తీసుకుని వాడుకోవడమే. మా లీడరు వాడలేదు. హైదరాబాదులో ఉండగా తనే ఒకటి రాసుకున్నాడట, అది చాలా వేగంగా నడుస్తుందట, అదే తెచ్చి పెట్టాడు. దాన్ని గురించి చెప్పేటప్పుడు ఆ అబ్బాయి మొహం చూడాలి, కొత్తగా బండి కొన్నవాడి మొహంలా వెలిగిపోయేది.

ఆ క్యూని పరీక్షించడానికి నేనొక టెస్టు రాశాను. గొప్పదేం కాదు. క్యూలో బోలెడన్ని అంకెలు వేసి, చాలా థ్రెడ్లని ఒక్కసారిగా మీదకి వదిలి, వేసిన ప్రతి అంకె ఒక్కసారి, కచ్చితంగా ఒక్కసారే బయటికొచ్చిందా లేదా చూడటం. నడిపాను, పాసైంది. మళ్ళీ నడిపాను, పాసైంది. ఇంతలో టీ వచ్చింది, తాగుతూ ఊరికే నడుపుతూ కూర్చున్నాను. ఉన్నట్టుండి ఫెయిలైంది. ఒక అంకె రెండుసార్లు వచ్చింది, దాని తర్వాతది రాలేదు. టీ అలాగే వదిలేసి లీడరు దగ్గరికి పరిగెత్తాను.

ఆయన వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. ముందు ఏం జరుగుతోందో కనపడాలి కదా మేడమ్ అంటూ లాగ్ ఆన్ చేశాడు. అంటే ప్రతి థ్రెడ్డూ తను చేస్తున్న పనిని స్క్రీన్ మీద ఒక లైను రాసుకుంటూ పోతుంది. అంతకుముందు నేను వేగం కోసం దాన్ని ఆపేసి నడిపాను. ఆయన ఆన్ చేసి నడిపాడు. పాస్. మళ్ళీ పాస్. ఎన్నిసార్లు నడిపినా పాసే. నాకేసి తిరిగి అదే జాలి చూపు చూశాడు.

నాకు అక్కడే అనుమానం తగిలింది. స్క్రీన్ మీద రాయాలంటే థ్రెడ్లన్నీ ఒకే సన్నటి గుమ్మంలోంచి ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వెళ్ళాలి. ఆ గుమ్మం దగ్గర ఆగి ఆగి వచ్చేసరికి, క్యూ దగ్గర ఇద్దరు ఒకేసారి ఢీకొనే అవకాశం పోతుంది. లాగ్ ఉంటే రోగం దాక్కుంటుంది, తీసేస్తే బయటపడుతుంది. ఇదే మాట ఆయనకి చెప్పాను. మర్యాదగానే చెప్పాను, అప్పట్లో నాకింకా మర్యాద మిగిలి ఉంది. ఆయన నవ్వి, "మేడమ్, మీరు కోబాల్ రోజుల్నించి వచ్చారు. థ్రెడ్లు కొంచెం వేరే సబ్జెక్టు. మీ టెస్టులోనే ఏదో ఉంటుంది చూసుకోండి" అన్నాడు.

చూసుకున్నాను. నా టెస్టులో ఏమీ లేదు. లాగ్ ఆపి నడిపి, ఫెయిలైనప్పుడల్లా పిలుద్దామని చూస్తే ఆయన ఫోన్లోనో మీటింగులోనో ఉండేవాడు. వచ్చేసరికి మళ్ళీ పాస్. దొంగని పట్టుకుని కేకేస్తే, పోలీసు వచ్చేసరికి ఆ దొంగే అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నట్టుండేది నా పరిస్థితి. చివరికి ఓనరు గారికి చెప్పాను. ఆయన మంచివాడే, కాకపోతే ఆయనకి కంప్యూటరు గురించి ఎంత తెలుసో నాకు పడవ నడపడం గురించి అంత తెలుసు. లీడరేమంటే అదే వేదం. మర్నాడు వచ్చి చూస్తే నా టెస్టుకి ముందు రెండు గీతలు పెట్టి ఉన్నాయి. మన భాషలో చెప్పాలంటే, అది ఉంటుంది గాని నడవదు. రిపోర్టులో మాత్రం టెస్టులన్నీ పాస్ అని ఎక్కింది. కొన్నిసార్లే ఫెయిలయ్యే టెస్టంటే, కొందరి విషయంలో తప్పకుండా ఫెయిలయ్యే టెస్టని అర్థం. ఆ కొందరు ఎవరో మనకి తెలియదు, అంతే తేడా. ఈ మాట ఆ రోజు గొంతెత్తి అరిచి చెప్పాను కూడా. పక్క గదిలో అకౌంట్లు రాసుకునే ఆయన వచ్చి ఏమైందమ్మా అని అడిగాడు, కానీ అడగాల్సినవాడు అడగలేదు.

సరే, ఉత్తుత్తి హెచ్చరిక ఒకటి పెట్టి అంతా సరిగ్గా పనిచేస్తోందో లేదో చూద్దామన్నారు సంస్థవాళ్ళు. ఆ రోజు పొద్దున వాళ్ళ కార్యదర్శి గారు, ఇంకా ఎవరెవరో పెద్దలు మా ఆఫీసుకొచ్చారు. కంప్యూటరుకి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. అంతవరకూ బాగానే ఉంది. స్క్రీన్ మీద ఇంగ్లీషు లైన్లు జరజరా పరిగెడుతుంటే వచ్చినవాళ్ళకి చూడ్డానికి బాగోదని, ఏదో పాడైపోయిందనుకుంటారని, ఓనరు గారు వాటిని ఆపెయ్యమన్నారు. లీడరు లాగ్ ఆపేశాడు. నీలం రంగు స్క్రీన్ మీద ఒక సముద్రం బొమ్మ, కింద ఒక అంకె. ఎన్ని ఫోన్లు ఎత్తారో అది చూపిస్తుంది. లాగ్ ఉండనివ్వండి బాబూ అన్నాను. పెద్దవాళ్ళ ముందు వద్దన్నట్టు లీడరు కళ్ళతోనే కసురుకున్నాడు. అలాంటి తప్పు మన ఊళ్ళలోనే జరుగుతుంది, వచ్చినవాళ్ళకి అందంగా కనపడాలని పనికొచ్చేదాన్ని మూసిపెట్టడం.

అంకె పెరుగుతూ పెరుగుతూ వెళ్ళి, ఊళ్ళెన్నో సరిగ్గా అక్కడికే వచ్చి ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు. స్వీట్లు పంచారు. నేనూ ఒకటి తిన్నాను, అబద్ధమెందుకు. ఒక పక్క అనుమానం పీకుతున్నా, అంకె సరిపోయింది కదా అని నన్ను నేనే సముదాయించుకున్నాను.

సాయంత్రానికి కబురొచ్చింది. జెండాలు చూడ్డానికి మోటారుసైకిళ్ళ మీద తిరిగిన సంస్థ కుర్రాళ్ళు చెప్పారట, అన్ని రేవుల్లోనూ జెండా లేచింది, నాగాయలంక అవతల ఒక్క పల్లెలో తప్ప. ఆ పల్లెలో ఫోను ఒక ఆడమనిషి ఇంట్లో ఉంది. అన్ని ఊళ్ళ ఫోను మనుషుల్లోకీ ఆమె ఒక్కతే ఆడది.

మర్నాడు అవనిగడ్డలో ఒక కల్యాణ మండపంలో సమావేశం పెట్టారు. పల్లెల్లో ఫోన్లున్నవాళ్ళందరినీ పిలిచారు. మా తరఫున ఓనరు గారు, లీడరు, నేను వెళ్ళాం. నన్నెందుకు తీసుకెళ్ళారంటే, నంబర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించింది నేను, ఎవరైనా నంబరు తప్పంటే జవాబు చెప్పడానికి. పులిగడ్డ వారధి దాటేటప్పుడు లీడరు హుషారుగా ఈల వేస్తున్నాడు.

ఆమెను అక్కడే మొదటిసారి చూశాను. నలభై ఏళ్ళుంటాయేమో. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరూ తిరిగి అమ్ముకునే మనిషి. ఆమె పల్లెలో పెద్దలకి ఆడదాని చేతిలో ఫోనేమిటని మొదట్నించీ గుర్రుగానే ఉందని, సంస్థలో ఎవరో పట్టుబట్టి ఇప్పించారని అక్కడే ఎవరో చెప్పారు. ఉత్తుత్తి హెచ్చరిక రోజున ఆ పెద్దలంతా పని మానుకుని రేవులో కూర్చున్నారట, ఆడది జెండా ఎలా ఎగరేస్తుందో చూద్దామని. జెండా లేవలేదు. నీ ఫోను నిద్రపోయిందా, నువ్వు నిద్రపోయావా అని దారి పొడుగునా వెక్కిరించారట. ఆమె ఆ రోజు గంప కూడా ఎత్తకుండా ఫోను పక్కనే కూర్చుంది. కూర్చుంటే ఏం లాభం.

కార్యదర్శి గారు ఆమెను లేపి, ఏమైందమ్మా అని అడిగారు. కసురుకోలేదు గాని, ఆ అడగడంలోనే తీర్పు ఉంది.

"మోగలా సార్" అంది ఆమె. "పొద్దుట్నించి ఎక్కడికీ కదల్లా. మోగితే ఎత్తనా?"

కార్యదర్శి గారు మా లీడరు వైపు చూశారు. లీడరు లేచి, చొక్కా సర్దుకుని, చాలా మెత్తగా మొదలుపెట్టాడు. ఎన్ని ఊళ్ళున్నాయో అన్ని ఫోన్లూ వెళ్ళాయని, అన్నీ ఎత్తారని, అంకె అందరి కళ్ళ ముందే సరిపోయిందని చెప్పాడు. ఎత్తకపోతే లెక్క ఒకటి తగ్గాలి కదండీ అన్నాడు. ఎత్తాక జెండా సంగతి మర్చిపోయి ఉంటారు, లేదా ఇంట్లో పిల్లలెవరో ఎత్తి పెట్టేసి ఉంటారు, ఇలాంటివి జరుగుతుంటాయి అని నవ్వాడు. ఆమె మళ్ళీ మోగలేదనే అంది. అప్పుడన్నాడు ఆ మాట.

"చూడమ్మా, మనుషులు పొరపాటు పడతారు. సిస్టమ్ అబద్ధం చెప్పదు."

మండపంలో కొందరు నవ్వారు. ఆమె నవ్విన ప్రతివాళ్ళ మొహం ఒకసారి చూసి కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేదేమో. ఫోనుని ఆ పల్లె పెద్ద ఇంటికి మార్చాలని కార్యదర్శి గారు అక్కడికక్కడే చెప్పేశారు. పల్లె పెద్ద కొడుకు వెనక బల్ల మీద కూర్చునే ఉన్నాడు, మీసం దువ్వుకున్నాడు.

ఇక మిగతావాళ్ళు ఒక్కొక్కళ్ళే లేచి తమ తమ ఊళ్ళ సంగతులు చెప్పడం మొదలెట్టారు. అందరికీ బాగానే జరిగింది. వాళ్ళలో ఒకాయన, బాగా మాటకారి, ఏమన్నాడంటే, తనకి ఒకసారి కాదు, రెండుసార్లు ఫోనొచ్చిందట. మొదటిసారి తనెత్తి, చొక్కా కూడా వేసుకోకుండా రేవుకి పరిగెత్తాడట. వెంటనే ఇంకోసారి మోగితే వాళ్ళావిడ ఎత్తి, ఆయన వెళ్ళాడండీ, మళ్ళీ మళ్ళీ చెప్పక్కర్లేదు అని ఆ మిషనుని కసిరి పెట్టేసిందట. మండపమంతా ఘొల్లుమంది. మా లీడరు కూడా పగలబడి నవ్వాడు, మీ ఊరికి బోనస్ అండీ అన్నాడు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ నంబర్లన్నీ ఎక్కించింది నా చేతులే. ఏ ఊరి తర్వాత ఏ ఊరో నాకు కంఠతా వచ్చు. ఆ మాటకారి ఊరు తర్వాత ఉన్నది ఎవరి ఊరనుకున్నారు? ఆమెదే. ఒకరికి రెండుసార్లు, వెనకున్నవాళ్ళకి సున్నా. లెక్క సరిపోయింది, ఎందుకు సరిపోదు? రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పుకున్నాయి. నా టెస్టు చెప్పింది చెప్పినట్టు ఆ మండపంలో మనుషుల రూపంలో కూర్చుని ఉంది. ఆ టెస్టు నోటికి తాళం వేసినందుకు ఇప్పుడు ఒకామె మాటపడుతోంది.

లేచి నిలబడ్డాను. లీడరు నా చీర కొంగు లాగినంత పనిచేసి, "మేడమ్, ఇక్కడ కాదు. ఆఫీసుకెళ్ళి మాట్లాడుకుందాం" అని గొణిగాడు.

"ఆవిణ్ణి ఇక్కడే కదా అన్నారు. ఇక్కడే మాట్లాడుకుందాం" అన్నాను, అందరికీ వినపడేలా.

చెప్పాను. బ్యాంకు కౌంటర్ల సంగతీ, బోర్డు రెండుసార్లు జరపడమూ, అంతా. క్యూ, థ్రెడ్డు అన్న మాటలేవీ వాడలేదు. మధ్యలో ఓనరు గారు దగ్గారు, కార్యదర్శి గారు గడియారం చూసుకున్నారు, నేను ఆగలేదు. ఫోను రెండుసార్లొచ్చినాయన మొదట అర్థం చేసుకున్నాడు. "అయితే మా ఇంట్లో మోగిన రెండోది ఈ అక్కదా?" అన్నాడు. అవునన్నాను. ఆయన మొహంలో నవ్వు పోయింది.

లీడరు అప్పటికీ ఒప్పుకోలేదు. అవకాశం ఉందంటున్నారు, అంతే కదా, రుజువేదీ అన్నాడు. సాయంత్రం ఆఫీసుకి రాగానే టెస్టు ముందున్న గీతలు తీసి, లాగ్ ఆపి, ఓనరు గారిని కుర్చీలో కూర్చోబెట్టి నడిపాను. నాకు దేవుడి మీద అప్పటిదాకా పెద్ద నమ్మకం లేదు గాని, ఆ రోజు మాత్రం మొదటి దెబ్బకే ఫెయిలైంది. ఓనరు గారు ఆ ఎర్ర అక్షరాలు చూసి, ఇదేనా అమ్మా నువ్వు అప్పట్నించీ చెబుతున్నది అన్నారు. ఇదేనండీ అన్నాను.

సరిచెయ్యడానికి ఎంతసేపు పట్టిందంటారా? లీడరు తన క్యూ తీసేసి, జావాలో తయారుగా ఉన్నది పెట్టాడు. నేను టిఫిను తిని వచ్చేసరికి అయిపోయింది. అంత చిన్న పని. దాని కోసం ఒక మనిషిని ఊళ్ళోవాళ్ళందరి ముందూ అబద్ధాలకోరుని చేశారు. తల్చుకుంటే ఇప్పటికీ చేతిలో ఉన్నది విసిరికొట్టాలనిపిస్తుంది.

అంతకన్నా కోపమొచ్చింది తర్వాత జరిగినదానికి. సంస్థకి మేము రాసిన కాగితంలో స్వల్ప సాంకేతిక సమస్య సరిచేయబడింది అని ఒక్క వాక్యం. ఎవరు చేశారో లేదు, ఎవరికి జరిగిందో లేదు. సరిచేయబడిందట. ఆమె మాట ఒక్కటీ లేదు. ఫోను తిరిగి ఆమె ఇంటికే పంపమన్నారు కార్యదర్శి గారు, అంతటితో అయిపోయిందనుకున్నారు. సంస్థ కుర్రాడు తీసుకెళ్తే ఆమె తీసుకోలేదట. బెట్టు చేస్తోందన్నారు. నేను చెబుతాను లెండి అని ఫోను సంచిలో పెట్టుకుని నేనే వెళ్ళాను.

ఆమె ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. నన్ను గుర్తుపట్టి, మంచం వాల్చి, మంచినీళ్ళిచ్చింది. క్షమించమ్మా, తప్పు మాదే అన్నాను. ఆమె చేతులు కొంగుకి తుడుచుకుని నా పక్కన నిలబడింది.

"అబద్ధమన్నది మీరు కాదు కదమ్మా. మీ క్షమాపణ నాకెందుకు?" అంది. "ఇక్కడ మా వాళ్ళు ఇంకా నేను నిద్దరపోయాననే అంటన్నారు. ఆ బాబునొచ్చి మోగలేదని వీళ్ళ ముందు చెప్పమనండి. అప్పుడు పెట్టించుకుంటా."

ఫోను సంచిలోనే తిరిగొచ్చింది. లీడరుకి చెప్పాను. తనకు కుదరదన్నాడు. అంత దూరం పడి వెళ్ళి చేపలవాళ్ళ మధ్య నిలబడి చెప్పడానికి ఇదేమైనా పంచాయితీనా అన్నాడు. సిస్టమ్ బాగైంది కదా, ఇంకేం కావాలట ఆవిడకి అని ఎదురు నన్నే అడిగాడు. నాకు పుండు మీద కారం చల్లినట్టయింది. ఈ గొడవయ్యాక, సరిచేసిన వెర్షన్ అప్పగించాలంటే టెస్టింగ్ చేసినవాళ్ళ సంతకం కావాలని సంస్థవాళ్ళు పట్టుబట్టారు. నేను పెన్ను మూసి బల్ల మీద పెట్టేశాను. ఆయన వెళ్ళి చెప్పేదాకా సంతకం లేదు అన్నాను. ఉద్యోగం పోతుందని బెదిరించారు, పొమ్మన్నాను. గుడివాడలో ట్యూషన్లు చెప్పుకుని బతగ్గలను. రెండు మూడు రోజులు నాతో ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఓనరు గారే విసిగిపోయి, వెళ్ళిరావయ్యా, నీ సొమ్మేం పోతుంది అని ఆయన్ని కారెక్కించారు. వెంట నేనూ ఎక్కాను.

పల్లెలో పెద్దలు, ఆడవాళ్ళు అందరూ గుమిగూడారు. పల్లె పెద్ద కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. లీడరు ఫోను చేత్తో పట్టుకుని, సింక్రొనైజేషన్, టెక్నికల్ ఇష్యూ అంటూ ఏదో మొదలుపెట్టాడు. ఆమె గుమ్మంలో నిలబడి, చేతులు కట్టుకుని, ఓపిగ్గా విన్నది. అయ్యాక, "అదేంటో మాకు తెలవదు బాబూ. మోగిందా, మోగలేదా, అది చెప్పండి" అంది.

లీడరు నాకేసి చూశాడు. నేను సముద్రం వైపు చూశాను.

"మోగలేదు" అన్నాడు చివరికి. "తప్పు మాది. ఒక్కసారి అలా జరిగింది. సారీ అండీ."

పల్లె పెద్ద తల దించుకోలేదు గాని, కుర్చీలోంచి లేచాడు. ఆడవాళ్ళలో ఎవరో నవ్వారు, ఈసారి ఆమె మీద కాదు. ఇక అయిపోయిందనుకుని లీడరు ఫోను ఆమె చేతికివ్వబోయాడు. ఆమె అందుకోలేదు. కోపంగా కూడా లేదు, ఏదో లెక్క తేల్చుకుంటున్నట్టు ఆయన మొహంలోకే చూస్తూ అడిగింది.

"ఇది ఉత్తుత్తిది కాబట్టి, మోగలేదని చెప్పడానికి నేనున్నా. నిజంగా గాలొచ్చిన రోజున మోగకపోతే, మోగలేదని మీకెవరొచ్చి చెప్తారు సార్?"

గోడకున్న చెక్క మీద ఫోను పెట్టమని ఆమె చూపించింది. ఆయన పెట్టాడు, యాంటెన్నా నిలబెట్టాడు. ఆమె రిసీవరెత్తి చెవిన పెట్టుకుని, శబ్దం వస్తోందని చూసుకుని, దించేసింది. పీట లాక్కుని ఫోను ఎదురుగా కూర్చుంది.

"ఎల్లి మోగించండి" అంది. "మోగిందాకా నేనిక్కణ్ణించి లేవను."

ఇద్దరం కారు దగ్గరికి దాదాపు పరిగెత్తాం.